జాబితాలో లేనివాడు

ఆయమ్మకు ఏళ్ళ తరబడి ఒక సందేహం ఉంది. పొద్దున్నే దీపం ముందు నిలబడి “పిల్లల్ని చల్లగా చూడు స్వామీ” అని దండం పెట్టుకుంటుందే తప్ప, ఏనాడూ పేరు పెట్టి అడగలేదు. పెద్దవాడి పేరు ముందు చెబితే చిన్నవాడికి లోటు. చిన్నవాడి పేరు ముందు చెబితే పెద్దవాడికి చిన్నతనం. అందుకని ఇద్దరినీ కలిపి ‘పిల్లలు’ అనేసేది. కానీ ముప్పై ఏళ్ళు బడిలో ఆయాగా గంట కొట్టిన మనిషి. హాజరు పట్టీలో పేరు లేని పిల్లవాడికి బల్ల మీద చోటు దొరకదని తెలిసిన మనిషి. మనుషుల దగ్గరే పేరు లేకపోతే పని జరగదే, దేవుడి దగ్గర ఎలా జరుగుతుంది?

ఎవరినైనా అడుగుదామంటే నవ్వుతారని ఊరుకుంది.

ఆ వేళ దీపం వెలిగించి చేతులు జోడించిందో లేదో, వీధి తలుపు భళ్ళున తెరుచుకుంది. చిన్నకోడలు వచ్చింది. చెప్పులు విప్పలేదు. చెప్పుల నిండా బూడిద.

“మళ్ళీ రాసుకోలేదు,” అంది.

ఆయమ్మ చేతులు దించింది. “ఏమన్నారు?”

“నిన్నన్నదే ఇవాళా అన్నారు. బాయిలర్ పేలిన పూట మీ ఆయన లోపల లేడు, సెలవులో ఉన్నాడు, పట్టీ చూసుకో అన్నాడు గుమాస్తా. లోపల లేని మనిషి తప్పిపోయాడని ఎలా రాసుకుంటాం అన్నాడు. వెనక వరసలో ఒకాయన అందుకుని, ‘ఇదే సందని ఎటో జారుకునుంటాడు తల్లీ, నాలుగు రోజులాగి చూడు’ అన్నాడు. నవ్వారు అత్తయ్యా. అంత ఏడుపులోనూ నలుగురు నవ్వారు.”

వంటగదిలో పెద్దకోడలు గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

రంగుల కార్ఖానాలో ప్రమాదం జరిగి అది మూడో రోజు. ఊళ్ళో ఎవరి కళ్ళూ ఆరలేదు. కానీ ఈ ఇంటి కష్టం వేరు, బయటికి చెప్పుకోగలిగింది కాదు.

కార్ఖానా గేటులో మొహాలు చూడరు, మెడలో ఇత్తడి బిళ్ల చూస్తారు. ఎవరి నంబరు బిళ్ల గేటు దాటితే వాళ్ళు లోపలున్నట్టు. అన్నదమ్ములిద్దరూ అందులోనే పని. పెద్దవాడికి రంగుల ఆవిరి పడక ఆయాసం. అది ముదిరిన రోజున, తనకు సెలవైతే, తమ్ముడు అన్న బిళ్ల మెడలో వేసుకుని అన్న పని చేసొచ్చేవాడు. ఎత్తూ ఛాయా ఒక్కటే. ముక్కుకి గుడ్డ కట్టాక కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. మూడేళ్ళుగా ఇలాగే సాగుతోంది.

మొన్న పొద్దుటి షిఫ్టుకీ అన్న బిళ్లతో తమ్ముడే వెళ్ళాడు.

అందుకని ఇప్పుడు జాడ తెలియనివాళ్ళ జాబితాలో పెద్దవాడి పేరుంది. పెద్దవాడేమో లోపలి గదిలో మంచం మీదున్నాడు. ఆ సాయంత్రమే సూపర్‌వైజరు వాకిట్లోకి వచ్చి, “మీ ఆయన ఇంటికొచ్చాడా అమ్మా?” అని అడిగితే, పెద్దకోడలు కంగారులో “రాలేదండీ” అనేసింది. ఒక్క మాట. ఆ మాట మీద మూడు రోజులుగా ఇల్లంతా గొంతుక్కూర్చుని ఉంది.

“పన్నెండింటికి జాబితా మూసేస్తారట,” అంది చిన్నకోడలు. “జాబితాలో పేరుంటేనే ఇంటివాళ్ళకి చీటీ ఇస్తారు. చీటీ ఉంటేనే ఆసుపత్రిలోకి పోనిస్తారు. పన్నెండు దాటాక ఎవరూ గుర్తుపట్టనివాళ్ళని తలో చోటికీ పంపేస్తారట. బతికున్నవాళ్ళని వేరే ఆసుపత్రులకి. మిగతావాళ్ళని...”



ఆయమ్మ గోడ గడియారం చూసింది. తొమ్మిది దాటింది.

“అక్కా,” చిన్నకోడలు వంటగది గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. “బావగారి పేరు జాబితాలో ఉంది. నువ్వడిగితే చీటీ ఇస్తారు. నాతో ఒక్కసారి రా. నిన్నేమీ మాట్లాడమనను. లోపలికి పోయి వెతుక్కుంటాను, అంతే.”

“వెళ్ళి ఏమని చెప్పను చెల్లీ? మా ఆయన కోసం వచ్చానని చెప్పి, నా మరిది మొహం చూసి ఏడవనా?”

“ఏడవద్దు. నిలబడు చాలు.”

“నిలబడితే సంతకం పెట్టమంటారు. సంతకం పెడితే అబద్ధం నా మెడకి చుట్టుకుంటుంది. నిజం చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది. ఒకడి బిళ్లతో ఇంకొకడు వెళ్ళాడని తెలిస్తే మోసం కింద కేసు పెడతారు. రెండేళ్ళాగితే పింఛను. ఆయాసం మనిషి, ఈ వయసులో బయట ఎవరు పని ఇస్తారు? నువ్విస్తావా నీ ఇస్త్రీ కొట్లో?”

“ఇస్తాను. పెట్టెలో బొగ్గులు వేసుకుంటూ కూర్చోమను.”

“ఎటకారమా?”

“ఎటకారానికి ఓపిక ఎక్కడుందక్కా? నా మొగుడు ఎక్కడున్నాడో తెలీదు. ఉన్నాడో లేడో తెలీదు. నువ్వేమో పింఛను అంటున్నావు.”

“అనక? పోయినవాళ్ళతో పాటు ఉన్నవాళ్ళూ పోవాలా?”

గిన్నె చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. ఎవరూ తియ్యలేదు.

“పోయినవాళ్ళు అన్నావు,” అంది చిన్నకోడలు, మెల్లిగా. “నువ్వు అప్పుడే లెక్క తేల్చేశావన్నమాట.”

“నోరు జారిందే. ఆ ఉద్దేశంతో అనలేదు.”

“మీ ఇంట్లో నోళ్ళు భలే జారతాయి. మొన్న ‘రాలేదండీ’ అని జారింది. ఇవాళ ఇలా జారింది. జారిన ప్రతిసారీ పడేది మాత్రం నా మొగుడు.”

ఆయమ్మ మధ్యకు రాలేదు. ఎటు మాట్లాడినా ఒక కొడుకును తొక్కినట్టే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. మొన్న చిన్నకోడలి చెయ్యి పట్టుకుని, “రెండు రోజులు ఓర్చుకో తల్లీ, మీ బావే వెళ్ళి చెప్తాడు. వాడి నోటితో చెబితే మర్యాదగా ఉంటుంది” అని, బిళ్ల సంగతి బయట చెప్పకుండా ఆపింది తనే. ఆ రెండు రోజులూ అయిపోయాయి. పెద్దవాడు మంచం దిగలేదు. మర్యాద గడప లోపలే మిగిలిపోయింది.

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

పెద్దవాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చేతి వేళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ వదలని నీలం రంగు. తలవైపు మేకుకి చిన్నవాడి బిళ్ల వేలాడుతోంది. అన్నది మెడలో వేసుకుని, తనది ఇక్కడ తగిలించి వెళ్ళాడు.

“విన్నావా?” అంది ఆయమ్మ.

“విన్నానమ్మా.”

“లేచి చొక్కా వేసుకో. ముగ్గురం వెళ్దాం. ఆయాసం మనిషివి, తమ్ముడు జాలిపడి వెళ్ళాడని చెప్దాం. అర్థం చేసుకునేవాళ్ళు ఎక్కడైనా ఒకరుండకపోరు.”

 కాసేపటికి అతని వీపు కదిలింది.

“ఆ రోజు ఆయాసం లేదమ్మా.”

ఆయమ్మకు ముందు అర్థం కాలేదు.

“ఏమిట్రా?”

“ఆ రోజు నాకేమీ లేదు. బాగానే ఉన్నాను. పొద్దున్నే లేవబుద్ధి కాలేదు. చల్లగా ఉంది, ఇంకాసేపు పడుకుందామనిపించింది. వాడొచ్చి ‘అన్నయ్యా, బస్సు టైమైంది’ అని లేపితే, ఛాతీ పట్టుకుని దగ్గాను. రెండుసార్లు. అంతే. నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి, నువ్వు పడుకో అని నా బిళ్ల తీసుకెళ్ళాడు.”

ఆయమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. 

“అంతకు ముందు కూడా ఇలా చేశావా?”

“ఒకటి రెండుసార్లు.”

“ఒకటా, రెండా?”

“లెక్క పెట్టలేదమ్మా.”

బయట పెద్దకోడలు గిన్నె తీసి గట్టు మీద పెట్టిన చప్పుడైంది. ఆయమ్మ కొడుకు వీపు వంకే చూస్తూ ఉండిపోయింది. ఈ వీపునే ఎన్నో రాత్రులు నిమిరింది, వేణ్ణీళ్ళు కాచి ఆవిరి పట్టించింది. చిన్నవాడు ఏనాడైనా దగ్గాడో లేదో కూడా ఆమెకు గుర్తు రాలేదు.

“వెళ్ళి చెప్పు నాయనా,” అంది చివరికి. “దగ్గు సంగతి చెప్పొద్దు. బిళ్ల సంగతి చెప్పు చాలు.”

“చెప్పలేను.”

“ఎందుకని?”

“అక్కడ జనం ఉంటారు. బతికున్నాడే అని నా మొహంలోకి చూస్తారు. ఆ చూపు తట్టుకోలేను.” ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడ్చిన జాడ లేదు. “నువ్వూ వెళ్ళకమ్మా. వాడెక్కడున్నా మనం పేరు రాయించినంత మాత్రాన మారేదేముంది? దేవుడు ఎలా రాస్తే అలా.”

ఆయమ్మకు జీవితంలో మొదటిసారి దేవుడి పేరు విని ఒళ్ళు మండింది.

“దేవుడి రాత దేవుడు చూసుకుంటాడు,” అంది లేస్తూ. “గుమాస్తా రాయాల్సింది వేరే ఉంది.”

మేకుకున్న బిళ్ల తీసి కొంగున ముడివేసుకుంది.

“అమ్మా, ఒక కొడుకు కోసం ఇంకొకణ్ణి వీధిలో పెడుతున్నావు.”

“నువ్వు మంచం మీదున్నావురా. వాడెక్కడున్నాడో చెప్పు, నీ దగ్గరే కూర్చుంటాను.”

అతను మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఆయమ్మ బయటకొచ్చేసరికి పెద్దకోడలు వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

“అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్క రోజు ఆగండి. రేపు నేనే వెళ్తాను, ఒట్టు.”

“పన్నెండింటికి మూసేస్తారమ్మా.”

“వెళ్తే మీరు మళ్ళీ ఈ ఇంట్లో నా చేతి ముద్ద తినరు.”

“మూడు రోజులుగా ఎవరు తిన్నారు గనక?” అని ఆయమ్మ కోడలి చెయ్యి పక్కకు తీసింది. గట్టిగా ఏమీ తియ్యలేదు. ఆ చెయ్యి దానంతటదే పడిపోయింది.

జాబితా రాసే చోటు ఆయమ్మ పనిచేసిన బడే. పిల్లలకు సెలవిచ్చి, మూడో తరగతి గదిలో రెండు బల్లలు కలిపి వేశారు. గుమాస్తా పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. నల్లబల్ల మీద ఎవరో చెరపడం మరిచిన గుణకారాలు. వాటి పక్కనే వార్డుల నంబర్లు.

వరసలో ఇరవై మంది దాకా ఉన్నారు.  అత్త ఎందుకు వస్తోందో, వచ్చి ఏమి మాట్లాడుతుందో చిన్నకోడలికి నమ్మకం లేదు. దారి పొడుగునా ఒక అడుగు వెనకాలే నడిచింది.

“మళ్ళీ వచ్చావా తల్లీ?” అన్నాడు గుమాస్తా ఆమెను చూసి. విసుగు కాదు, అలసట. “నేను చెప్పానుగా, మీ ఆయన పేరు ఆ పూట పట్టీలో...”

“లేదు బాబూ,” అంది ఆయమ్మ. “వాళ్ళన్న పేరుంది. అన్న బిళ్లతో తమ్ముడు వెళ్ళాడు.” కొంగు ముడి విప్పి ఇత్తడి బిళ్ల బల్ల మీద పెట్టింది. “ఇది చిన్నవాడిది. ఇంట్లోనే ఉండిపోయింది. నేను ఇద్దరికీ తల్లిని.”

గుమాస్తా బిళ్ల తిప్పి చూశాడు. పట్టీ చూశాడు.

“అయితే ఈ పెద్దాయన?”

“ఇంట్లో ఉన్నాడు.”

“అంటే... బతికే ఉన్నాడా?”

“ఆఁ. బతికే ఉన్నాడు.”

కొడుకు బతికున్నాడని చెప్పడానికి తల వంచుకున్న తల్లి ఆ గదిలో ఆమె ఒక్కతే. వరసలో ఎవరో నిట్టూర్చారు. ఇంకెవరో “అదృష్టం” అన్నారు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

గుమాస్తా కలం చేతిలోకి తీసుకున్నవాడు రాయకుండా ఆగిపోయాడు. బల్ల కింద నుంచి ఇంకో పుస్తకం తీశాడు. వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ ఒకచోట ఆపాడు.

“మీ పెద్దవాడి నంబరు బిళ్ల నిన్న మధ్యాహ్నమే దొరికిందమ్మా,” అన్నాడు. “మనిషితో సహా.”

చిన్నకోడలు బల్ల అంచు పట్టుకుంది.

“మొహం కాలింది, పోల్చుకోలేని స్థితి. ఇంటివాళ్ళు వచ్చి చూసి అవునంటే తప్ప పేరు ఖాయం చెయ్యకూడదు, అందుకని జాబితాలో అలాగే ఉంచాం. నిన్న సాయంత్రం మీ ఇంటికి మనిషిని పంపాం. ఇదిగో, సంతకం కూడా ఉంది. ‘భార్యకు తెలియజేయడమైనది. రేపు వస్తానన్నది.’”

ఆ సంతకం ఆయమ్మ ఎరుగును. కాపురానికి వచ్చిన తొలినాళ్ళలో, పలక మీద పేరు రాసుకోవడం పెద్దకోడలికి నేర్పింది తనే.

“ఉన్నాడా?” అంది చిన్నకోడలు. 

“నిన్న రాత్రి రాసిన దాంట్లో స్పృహ లేదు, ఊపిరి ఉంది అని ఉంది. ఇవాళ్టి కాగితం ఇంకా రాలేదు తల్లీ. నేను ఊహించి చెప్పకూడదు.” అతను గబగబా రాయసాగాడు. పెద్దవాడి పేరు మీద గీత కొట్టి, పక్కన చిన్నవాడి పేరు రాశాడు. ఆయమ్మ చేత, చిన్నకోడలి చేత సంతకాలు పెట్టించాడు. “చీటీ తయారు చేస్తాను, ముద్ర వెయ్యాలి. రెండు నిమిషాలు పక్కన నిలబడండి.”

కిటికీ దగ్గర నిలబడ్డారు ఇద్దరూ.

“నిన్న సాయంత్రం,” అంది చిన్నకోడలు, కిటికీ బయటికి చూస్తూ, “నేను ఇక్కణ్ణించి తిరిగొస్తుంటే సందు మొదట్లో అక్క ఎవరితోనో మాట్లాడుతోంది. చేతిలో పుస్తకం ఉన్న మనిషి. నన్ను చూసి కొంగు సర్దుకుని లోపలికెళ్ళిపోయింది. నాకు అనుమానం వచ్చింది.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే నమ్ముతారా?”

“ఎందుకు నమ్మనే?”

“గడియారం అత్తయ్యా.”

ఇంకేమీ అనక్కర్లేకపోయింది. పదకొండేళ్ళయింది. కొత్తకోడలు వచ్చి నెల కూడా కాలేదు అప్పటికి. చనిపోయిన మావగారు ఎంతో మురిపెంగా కొనుక్కున్న బల్ల గడియారం కిందపడి పగిలింది. ఎవరు చేశారని అడిగితే కొత్తపిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది, బావగారి చెయ్యి తగిలిందని. పెద్దవాడు కాదన్నాడు. “మా పెద్దాడు అబద్ధమాడడు. నిన్నగాక మొన్న వచ్చి ఇంట్లో తంపులు పెడతావా?” అని అందరి ముందూ అంది ఆయమ్మ. ఆ పిల్ల ఏడవలేదు. ఆ తరువాత మాత్రం ఈ ఇంట్లో తను చూసింది ఏదీ ఎవరికీ చెప్పలేదు.

నిన్న సాయంత్రం కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే రాత్రే వచ్చి ఉండేవాళ్ళు. వాడి ఊపిరి ఆడుతుండగా, వాడి చెవిలో వాడి పేరు ఎవరో ఒకరు పిలిచి ఉండేవాళ్ళు.

“అమ్మా, చీటీ!” గుమాస్తా పిలిచాడు. “ఇద్దరికి రాశాను. వెనక గేటు నుంచి వెళ్ళండి, ఆసుపత్రికి దగ్గర.”

చిన్నకోడలు చీటీ లాక్కున్నట్టే అందుకుని గుమ్మం వైపు నడిచింది. ఆయమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఆ గడియారం పగలగొట్టింది వాడే.”

“ఇప్పుడా అత్తయ్యా?”

“ఇప్పుడే. ఆ వారంలోనే నాకు తెలిసింది. వాడే ఒప్పుకున్నాడు. పెద్దకొడుకు చులకనైపోతాడని నోరు మూసుకున్నాను.” ఆయమ్మ గొంతు పెంచింది. వరసలో వాళ్ళు తిరిగి చూశారు. ఆనాడు అందరి ముందూ అన్న మాట, అందరి ముందే తీర్చాలి. “నువ్వు చెప్పింది నిజం. అబద్ధమాడింది మేము.”

వరసలో జనానికి అర్థం కాలేదు. ఇంత ఆపదలో ఈ ముసలావిడకి గడియారం గొడవేమిటో అనుకుని ఉంటారు.

చిన్నకోడలు అత్త మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో క్షమ లేదు. పగ కూడా లేదు. చాలాకాలానికి చేతికందిన దాన్ని ఇప్పుడేం చేసుకోవాలో తెలియని చూపు అది.

“సరే,” అంది. “ముట్టింది.”

చెయ్యి విడిపించుకుని, చీటీ గుప్పిట్లో బిగించి, వెనక గేటు వైపు పరిగెత్తింది.